రేపు ఆపరేషనుకి వెళ్లేముందు ఒకసారి చదువుకో

నానీ,

మీ అమ్మ ఫోన్‌లో ఒకటే ఏడుపు. నీకు అపెండిక్స్ వాచిందని స్కానింగులో తేలిందట, రేపు పొద్దున్నే ల్యాప్రోస్కోపీ అట, అంటే చిన్న రంధ్రాల్లోంచి కెమెరా పెట్టి చేసే ఆపరేషన్. మనవైపు దీన్ని ఇరవై నాలుగు గంటల కడుపునొప్పి అంటారు కదా, ఆ పేరుకే సగం టెన్షన్. థియేటర్ నర్సుగా ముప్పై ఏళ్లు చేసిన పెద్దమ్మని, నా మాట విను.

నేను చేరిన కొత్తలో కుడివైపు పొత్తికడుపు మీద నిలువుగానో ఏటవాలుగానో కోసేవారు. ఇప్పుడు బొడ్డు దగ్గర సెంటీమీటరు రంధ్రం ఒకటి, అర సెంటీమీటరువి రెండు, అంతే. 1980లో జర్మనీలోని కీల్ ఊళ్లో మొదటిసారి ఇలా అపెండిక్స్ తీసిన కుర్ట్ జెమ్ ఆడవాళ్ల డాక్టరు. అక్కడి సర్జన్లు ఆయన మీద మండిపడ్డారు కూడా.

లోపల చోటు కోసం కడుపులోకి కార్బన్ డయాక్సైడ్ పంపి బెలూన్‌లా ఉబ్బిస్తారు. మెషీన్ మీద ప్రెషర్ బీపీ కొలిచే లెక్కలోనే మామూలుగా 12 నుంచి 15 మధ్య ఉంటుంది. వీలున్నచోట 10కి, ఇంకా కిందికి తగ్గించి చేసే సర్జన్లూ ఉన్నారు. చివర్లో ఆ గ్యాసుని ఓపిగ్గా బయటికి వదిలితే, రంధ్రాల దగ్గర మత్తు సూది కూడా వేస్తే నీకు సుఖం. రేపు ఈ రెండూ అడుగు, తప్పేం లేదు.

మిగిలిన గ్యాసు ఊపిరితిత్తుల కిందున్న పొరని చిరాకు పెడుతుంది, ఆ నొప్పి భుజంలో తెలుస్తుంది. ఒకసారి అర్ధరాత్రి ఒక కుర్రాడు కుడి భుజం పట్టుకుని "సిస్టర్, హార్ట్ అటాక్" అని గోల. డ్యూటీ డాక్టర్ చూసి ఏం లేదన్నాక, సెలైన్ స్టాండు తోసుకుంటూ వార్డు చివరిదాకా నేనే నడిపించా. రెండో రౌండుకి వాడే నవ్వాడు. అయితే ఆయాసమో, ఛాతీలో బిగుతో ఉంటే మాత్రం గ్యాసేలే అనుకోకు, వెంటనే పిలువు.

అవసరమైతే కోసి చేస్తామని కాగితం మీద సంతకం పెట్టించుకుంటారు, బెదరకు. లోపల చీము పట్టి పేగులు అతుక్కుపోయి ఉంటే కోయడమే మంచిది. చిన్న రంధ్రంతోనే చేస్తానని మొండికేసే సర్జన్ అంటే నాకు భయం. చెప్పిన టైము దాటాక టీ చుక్క కూడా ముట్టకు. మర్చిపోయి తాగితే మత్తు డాక్టరుకి చెప్పెయ్, దాచకు.

డాక్టర్ సరేనంటే సాయంత్రానికే లేచి నడువు. లేచేటప్పుడు తిన్నగా లేవకు, పక్కకి ఒత్తిగిలి చెయ్యి ఆనించి లే. దగ్గొస్తే కడుపుకి దిండు అదిమి పట్టుకో. పప్పు తింటే చీము పడుతుందని మీ అమ్మమ్మ కచ్చితంగా అంటుంది. అదేం లేదురా, మామూలు తిండికి ఒప్పుకున్నాక పప్పూ గుడ్డూ శుభ్రంగా తిను, పుండు మానేది వాటితోనే. నీళ్లు బాగా తాగు, విరేచనానికి ముక్కే పరిస్థితి రానివ్వకు. జిమ్ముకి, బరువులకి డాక్టర్ చెప్పేదాకా సెలవు. సడన్ బ్రేక్ వేసినా నొప్పి లేదనిపించేదాకా బైక్ తియ్యకు.

ఇంటికొచ్చాక జ్వరం, వాంతులు, పొట్ట ఉబ్బరం, కుట్ల దగ్గర ఎరుపో చీమో, రోజురోజుకీ పెరిగే నొప్పి, వీటిలో ఏదున్నా నాకు ఫోన్ చేస్తూ కూర్చోకుండా ఆస్పత్రికి వెళ్లు.

తీసిన ముక్కని పరీక్షకి పంపుతారు. ఆ రిపోర్టు వచ్చేసరికి నువ్వు ఇంట్లో ఉంటావు, అందరూ దాన్ని మర్చిపోతారు. కుట్లు చూపించుకోవడానికి వెళ్లినప్పుడు అడిగి తెచ్చుకో.

మీ పెద్దమ్మ