వచ్చినవాళ్లందరికీ లండన్ చూపించడమే నా పనా?

ప్రశ్న: మేడమ్, మాది తెనాలి. పెళ్లయి ఏడేళ్లయింది. లండన్‌లో హౌన్స్‌లో అనేచోట ఉంటున్నాం. ఎయిర్‌పోర్టు దగ్గర కావడంతో ఇండియా నుంచి ఎవరొచ్చినా మా ఇంట్లోనే దిగుతారు. మావారి స్నేహితులే ఎక్కువ. కిందటేడు నాలుగు కుటుంబాలు వచ్చాయి. బకింగ్‌హామ్ ప్యాలెస్, లండన్ ఐ, టవర్ బ్రిడ్జి ఎన్నిసార్లు చూపించానో నాకే లెక్క లేదు. ఒకసారి ఇద్దరికీ సెలవు దొరక్క వచ్చినవాళ్లను ట్రైన్ ఎక్కించి పంపాం. ఊరెళ్లాక "ట్రైన్ ఎక్కించి వదిలేశారు, పట్టించుకోలేదు" అన్నారట. ఆ మాట మా అత్తగారి దాకా వెళ్లింది. ఈ మే నెలలో ఆయన ఇంజినీరింగ్ ఫ్రెండ్ భార్యతో, ఇద్దరు పిల్లలతో పన్నెండు రోజులకు వస్తున్నాడు. నన్ను ఒక్కమాట అడక్కుండానే "వచ్చేయరా, అన్నీ మేం చూపిస్తాం" అనేశారు. నాది షిఫ్టుల ఉద్యోగం, బాబుకి నాలుగేళ్లు. గట్టిగా అడిగితే "నీకు మనుషులంటే పడదు" అంటున్నారు. నిజంగానే అలా అయిపోయానా అని భయంగా ఉంది.

జవాబు: మనుషులంటే పడనివాళ్లు నాలుగు కుటుంబాలకు వండిపెట్టి, ఊరంతా తిప్పి, ఆ తర్వాత తప్పు తమదేనేమో అని ఉత్తరం రాయరమ్మా. ముందు ఆ భయం పక్కన పెట్టండి.

నేను పెరిగింది తిరుపతిలో. అందుకే మీ ఉత్తరం చదువుతుంటే మా పాత ఇల్లు కళ్లముందు కదిలింది. కొండకు వచ్చిన ప్రతివాళ్లూ ముందు మా ఇంటికే వచ్చేవాళ్లు. హాల్లో వరసగా బొంతలు పరిచేవాళ్లం. తెల్లవారుజామున రెండింటికే పొయ్యి మీద వేణ్నీళ్ల కాగు ఎక్కేది. నాన్న గుమ్మంలో నిలబడి "రండి రండి, ఇల్లు మీదే" అనేవారు. ఆ మాట అనడానికి ఆయనకు నిమిషం పట్టేది. దాన్ని నిలబెట్టడానికి అమ్మకు మూడు రోజులు పట్టేది. ఒక ఏడాదైతే వచ్చినవాళ్లు తెచ్చిన లడ్డూలు డబ్బాల్లో నిండిపోయాయి గానీ, అమ్మ మాత్రం ఒక్కసారీ కొండ ఎక్కలేదు. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు, నాకు పెళ్లయ్యేదాకా.

మీ ఇంట్లోనూ గొడవ అక్కడే ఉంది. పిలిచేది ఒకరు, చాకిరీ ఇంకొకరిది. మీవారు చెడ్డవారని నేననుకోను. హాస్టల్లో ఒకే కంచంలో తిన్నవాడు వస్తానంటే ఏ మగాడైనా గాలిలో తేలిపోతాడు. తను ఎక్కడిదాకా వచ్చాడో ఆ స్నేహితుడికి చూపించుకోవాలనీ ఉంటుంది. కాబట్టి "మీ ఫ్రెండ్స్ ఎప్పుడూ ఇంతే" అని మాత్రం మొదలుపెట్టకండి. అలా అన్నారంటే మాట మనుషుల మీదికి పోతుంది, మళ్లీ "నీకు పడదు" దగ్గరే ఆగుతుంది.

ఒక కాగితం మీద సెలవుల లెక్క వేయండి. మీరుంటున్న బ్రిటన్‌లో వారానికి ఐదు రోజులు పనిచేసేవాళ్లకు చట్టప్రకారం ఏడాదికి కనీసం 28 రోజుల సెలవు. చాలాచోట్ల 8 బ్యాంక్ హాలిడేలను, అంటే ప్రభుత్వ సెలవులను, అందులోనే కలిపేస్తారు. మిగిలేవి 20. మీ ఆఫీసు ఇంకొన్ని ఎక్కువ ఇస్తుందేమో, చూసుకోండి. అందులోనే ఇండియా ప్రయాణం, బాబు సెలవులు అన్నీ సర్దుకోవాలి. ఈ పన్నెండు రోజుల్లో శని, ఆదివారాలు నాలుగు తీసేసినా ఎనిమిది పనిదినాలు. ఆ ఎనిమిదీ ఎవరి సెలవుల్లోంచి పోవాలో ఆయన్నే రాయమనండి. పెన్ను ఆయన చేతికే ఇవ్వండి. మీరు వాదించేది ఏమీ ఉండదు.

ఇక ఆ "ట్రైన్ ఎక్కించి వదిలేశారు" అన్న మాట. బాగా గుచ్చుకుని ఉంటుంది, నిజమే. కానీ వాళ్ల వైపు నుంచి ఒకసారి చూడండి. రాత్రి దాకా "అన్నీ చూపిస్తాం" అని విన్నవాళ్లకు, తెల్లారి బూట్లు వేసుకుంటుంటే "మాకు సెలవు లేదు, మీరు వెళ్లిరండి" అని వినిపిస్తే ఎలా ఉంటుంది? అదే మాట ఇండియాలో టికెట్లు కొనేటప్పుడే చెప్పి ఉంటే, వాళ్లు ఫోన్‌లో మ్యాపు పెట్టుకుని హుషారుగా వచ్చేవాళ్లు. కాబట్టి ఈసారి మాట ముందే వెళ్లాలి, అదీ మీవారి నోటితోనే వెళ్లాలి. మీరు చెబితే "వాళ్లావిడకి ఇష్టం లేదట" అవుతుంది. ఆయన ఫోన్ చేసి, "ఒరేయ్, ఇల్లు మీదేరా. రాత్రి భోజనాలు కలిసే చేద్దాం. శని, ఆదివారాలు మేమూ వస్తాం. మిగతా రోజులు మీరే తిరగాలి, మాకు సెలవు దొరకదు. ఎలా వెళ్లాలో అంతా రాసి పంపిస్తా" అంటే చాలు. ఇంజినీరింగ్ చదివినవాడు ట్యూబ్, అదే లండన్ మెట్రో రైలు, ఎక్కలేడా?

అసలు మీ ఇల్లున్నచోటు ఇందుకు ఎంత వీలైనదో మీరు గమనించినట్టు లేదు. హౌన్స్‌లోలో పికడిలీ లైన్ ఎక్కితే చాలావాటికి రైలు మారే పనే లేదు. సౌత్ కెన్సింగ్టన్‌లో దిగితే నేచురల్ హిస్టరీ మ్యూజియం, సైన్స్ మ్యూజియం. డైనోసార్ ఎముకల దగ్గరే పిల్లలకు పూట గడిచిపోతుంది, రెండింటికీ ప్రవేశం ఉచితం. గ్రీన్ పార్క్‌లో దిగి పార్కులోంచి నడిస్తే బకింగ్‌హామ్ ప్యాలెస్. హోబర్న్‌లో దిగితే బ్రిటిష్ మ్యూజియం. పదకొండేళ్లలోపు పిల్లలకు పెద్దవాళ్లు వెంట ఉంటే ట్యూబ్‌లో టికెట్టే అక్కర్లేదు. స్టేషన్ గేటు దగ్గర ఛార్జీకి భార్యాభర్తలిద్దరూ ఒకే బ్యాంకు కార్డు ఆనించకూడదని, ఎవరి కార్డు వాళ్లకు ఉండాలని మాత్రం చెప్పండి. కొత్తవాళ్లు పొరబడేది అక్కడే. కారులో తిప్పకపోతే మర్యాద కాదంటారా? సెంట్రల్ లండన్‌లోకి కారు తీసుకెళ్తే కంజెషన్ ఛార్జ్ అని రోడ్డు రుసుము, పార్కింగ్, పైగా వెనక సీట్లో పిల్లల ఏడుపు. అది ఎవరికి మర్యాదో నాకైతే తెలియదు.

డబ్బు సంగతీ ముందే అనుకోండి. లండన్ ఐ, టవర్ ఆఫ్ లండన్ లాంటివి మనిషికి ఇంతని టికెట్. ఏదో ఒకటి మీరు పెట్టండి, మిగతావి వాళ్లు కొనుక్కుంటారు. టవర్ ఆఫ్ లండన్‌లో ఉన్న కోహినూర్ మన కొల్లూరు గనుల్లోదే అంటారు కాబట్టి అక్కడికి వెళ్లకుండా తెలుగువాళ్లు ఆగరు. అక్కడ కిరీటాల ముందు కదిలే బాట మీద నిలబెట్టి ముందుకు పంపించేస్తారు, వజ్రాన్ని చూసేది కాసేపే. దానికోసం మీరు ఇంకోసారి టికెట్ కొననక్కర్లేదు.

మీ ఉత్తరంలో నాకు ఎక్కువ బాధనిపించింది ఇంకొకటి. ఏడేళ్లలో మీరు చూపించినవన్నీ రాశారు, మీకు నచ్చిన చోటు ఒక్కటీ రాయలేదు. మీది తెనాలి అన్నారు. బ్రిటిష్ మ్యూజియంలో 33ఎ అనే గదిలో అమరావతి స్తూపం రాళ్లున్నాయి, మీకు తెలుసా? 1845లో వాల్టర్ ఇలియట్ అనే బ్రిటిష్ అధికారి తవ్వించినవి వాటిలో ఎన్నో ఉన్నాయి. మద్రాసు నుంచి ఓడలో లండన్ చేరాయి. మన పల్నాటి సున్నపురాయి మీద పద్మాలు, పూర్ణకుంభాలు, స్తూపానికి మొక్కుతున్న జనం. మీ ఊరి నుంచి బస్సులో వెళ్లొచ్చే దూరంలో ఉండాల్సినవి, ఇప్పుడు మీరు ట్యూబ్‌లో వెళ్లొచ్చే దూరంలో ఉన్నాయి.

అతిథులు రాకముందే ఒకరోజు మీరు ఒక్కరే వెళ్లండి. బాబును ఆయన చూసుకుంటారు. మే నెలలో వచ్చేవాళ్లకు మీరు చూపించేది ఆ ఒక్కటే అని పెట్టుకోండి, అదీ మీకు చూపించాలనిపిస్తేనే.

అత్తగారికి జవాబు కూడా ఆయనే చెప్పాలి. "అమ్మా, ఈసారి వాళ్లకు ముందే చెప్పాను" అంటే సరిపోతుంది. ఆ ఫోన్ మాత్రం ఈ ఆదివారమే చేయించండి. వాళ్లు పన్నెండు రోజుల ప్రోగ్రామ్ వేసుకున్నాక చెబితే మళ్లీ బూట్లు వేసుకునేటప్పుడు చెప్పినట్టే అవుతుంది.