గోడల కంటే ముందు మనుషులు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ వ్యాసం అందింది. యానాం, పాలకొల్లు, కోరంగి అన్నీ తిరిగి రాశావు, సంతోషం. కానీ ఐదో పేజీలో ఒక వాక్యం దగ్గర ఒళ్లు మండింది. "మా నాయనమ్మ కూడా లేసు అల్లేది" అని రాసి, అక్కడితో వదిలేశావు. ఆ వెంటనే డచ్చివాళ్ల సమాధులు, ఫ్రెంచివాళ్ల బంగళాలు. వాళ్లు కట్టినవి కాబట్టి ఆ ప్రభుత్వాలే బాగుచేయించాలని మూడు పేజీల విన్నపం.

నరసాపురం వైపు లేసు 1844 ప్రాంతంలో స్కాట్లండు మిషనరీలతో వచ్చింది. ముందు క్రైస్తవంలో చేరిన పేదింటి ఆడవాళ్లు నేర్చుకున్నారు, తర్వాత కాపుల ఇళ్లకూ పాకింది. మా మేనత్త అరుగు మీద కూర్చుని చీకటి పడేదాకా అల్లేది. దారం ఒరుసుకుని చూపుడువేలు మీద గాడి పడింది. పచ్చడి కలుపుకుంటే ఆ వేలు మండేది, ఎడంచేత్తో తినలేక చెంచా అడిగేది. దారం తూచి ఇచ్చే షావుకారు తప్ప ఆ సరుకు ఎక్కడికెళ్తుందో ఆవిడకెవరూ చెప్పలేదు. స్కాట్లండు పనితనం, మన ఆడవాళ్ల వేళ్లు, పైదేశాల భోజనాల బల్లలు: నువ్వు పేజీలకు పేజీలు వెతికిన పలుజాతుల వారసత్వం మీ ఇంట్లోనే ఉందమ్మా. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా వచ్చింది. నీ వ్యాసంలో ఆ ఊసే లేదు.

పైదేశాలవాళ్లు తమ గుర్తులనే కాపాడుకుంటారని ఎవరు చెప్పారు నీకు? పుదుచ్చేరిలో 1955లో మొదలైన ఫ్రెంచి ఇన్‌స్టిట్యూట్‌ను ఫ్రాన్సు ప్రభుత్వం పోషిస్తోంది. అక్కడి పండితులు ఏళ్ల తరబడి పోగుచేసినవి శివపూజా విధానాలు చెప్పే మన శైవాగమాల తాళపత్రాలు. పుదుచ్చేరిలోని ఆ శైవ ప్రతులను యునెస్కో 2005లో ప్రపంచ స్మృతి పట్టికలోకి తీసుకుంది. హైదరాబాదులో నిజాం కొలువులోని 'పైగా' వంశపు ప్రభువుల సమాధుల మరమ్మతుకు 2023లో అమెరికా ప్రభుత్వం 2,50,000 డాలర్లు ప్రకటించింది. ఆ సమాధులకూ అమెరికాకూ ఏం చుట్టరికం? ఏది విలువైనదో తెలిసినవాళ్లు వివరంగా రాసి ముందు పెడితే సాయం వస్తుంది. మనం గోడల గురించే రాస్తే సొమ్మంతా సున్నానికీ సిమెంటుకీ పోతుంది. ఆ గోడలు ఎవరు కట్టారో, ఆ బంగళాల్లో వంట ఎవరు చేశారో, పల్లకీ ఎవరు మోశారో రాయాల్సింది మనమే. ఈ మాట నేను చచ్చేదాకా చెబుతాను.

కుర్రతనంలో యానాం పెళ్లిళ్ల మీద ఒక వ్యాసం రాశాను. 1930లో బాల్యవివాహాలను అడ్డుకునే శారదా చట్టం అమల్లోకి వచ్చాక చుట్టుపక్కల బ్రిటిషు ఊళ్లవాళ్లు పసిపిల్లల్ని యానాం తీసుకెళ్లి పెళ్లిళ్లు చేసేవారు. ఫ్రెంచివాళ్ల ఏలుబడిలో ఆ చట్టం చెల్లదు కదా. ఊరికి కల్యాణపురం అని పేరే పడింది. ఆ వ్యాసాన్ని ఒక సంపాదకుడు తిప్పి పంపాడు. గోదావరి అంటే కొబ్బరిచెట్లు, పూతరేకులు, వెటకారం ఉండాలట, ఈ ఏడుపు ఎవరు చదువుతారట! ఆ పిల్లలు అప్పటికి ముసలివాళ్లయి బతికే ఉన్నారు. వాళ్లను అడిగి రాసుకోవాల్సిన కాలం పత్రికలకు కొబ్బరాకుల వర్ణనలతోనే సరిపోయింది. ఇప్పటికీ నాకది మింగుడుపడదు. నీ మొదటి పేరాలోనూ అవే కొబ్బరిచెట్లు ఉన్నాయి, కొట్టేశాను.

మళ్లీ యానాం వెళ్లు. ఈసారి కెమెరా తీసుకెళ్లకు. 1962లో యానాంను మన దేశానికి అప్పగించే ఒప్పందం అమల్లోకి వచ్చినప్పుడు ఫ్రెంచి పౌరసత్వమే ఉంచుకున్న కుటుంబాలు ఎక్కడున్నాయో వాకబు చెయ్యి. ఇంట్లో ఏం మాట్లాడుకుంటారు, పిల్లలకు ఏం పేర్లు పెట్టారు, పండగలకు ఏం వండుకుంటారు అన్నీ అడుగు. పాత పెళ్లి కాగితాలు పెట్టెల్లో ఉంటే చూపించమను. ఏ ఊరు, ఎవరి కులం, ఏ వృత్తి, ఏదీ వదలకుండా రాసుకో. విన్నపం ఆ తర్వాత రాద్దువుగాని, అవసరమైతే నేనూ సంతకం పెడతాను.

కలంపేరు గురించీ, పోటీల గురించీ అడిగావు. వాటికి ఇప్పుడు తొందరేం లేదు. తిరగరాసిన వ్యాసం సంక్రాంతిలోపు పంపు.

ఇట్లు,
మీ మాస్టారు