మంచం పక్కన కూర్చునే ముందు

చి. బిడ్డకు పెద్దనాన్న ఆశీస్సులు.

సోషల్ వర్క్ చదువు (ఎం.ఎస్.డబ్ల్యూ.) ఫీల్డ్‌వర్క్‌కు నువ్వు నారాయణపేట వైపు ఊళ్ళు తీసుకున్నావని, అక్కడి ముసలివాళ్ళతో మాట్లాడతావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. హైదరాబాద్‌లో చదివే పిల్ల మన పాలమూరుకే వస్తోందంటే గర్వంగానే అనిపించింది. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. వాట్సాప్‌లో పెట్టొచ్చు కదా అంటావేమో. బ్రాంచి పోస్టుమాస్టరుగా బతికినవాణ్ణి, ఉత్తరం రాయకపోతే ఎట్లా?

నీళ్ళ సీసా, గొడుగు మరిచిపోకు. సర్పంచ్‌కు ముందే చెప్పు. చీకటి పడకముందే బస్సెక్కు. ఇవి మీ సార్లు చెప్పే ఉంటారు.

అక్కడ చాలా ఇళ్ళల్లో కొడుకూ కోడలూ ముంబయి, పుణె పనులకు పోయి ఉంటారు. అవ్వ, తాత, మనవలే మిగులుతారు. పిల్లల్ని బడికి తోలేదీ, రేషన్ తెచ్చేదీ ఆ అవ్వే. పెళ్ళిపిలుపులప్పుడు మాత్రం ఆమె ఎవరికీ గుర్తురాదు. భర్త లేని మనిషైతే పిలిచినా పందిట్లోకి రాదు, వెనక వంటల దగ్గరే ఉండిపోతుంది. ఎందుకు వెనక కూర్చున్నావని అడగకు. పోయి పక్కన కూర్చో.

చెవుడు ఉందని గట్టిగా అరవకు. వయసుతో వచ్చే చెవుడులో సన్నని శబ్దాలు ముందు పోతాయి. నీ గొంతు అసలే సన్నం, అరిస్తే ఇంకా పైకి పోతుంది. అలికిడి వినబడుతుంది, మాట అందదు. గొంతు దించి, నిదానంగా, నీ ముఖం మీద వెలుతురు పడేట్టు ఎదురుగా కూర్చుని మాట్లాడు. ‘ముసలోళ్ళకు చెప్పినా అర్థం కాదు’ అనే మాట నేను కౌంటర్ దగ్గర ఎన్నిసార్లు విన్నానో! ముసలివాళ్ళకు సర్కారిచ్చే ఆసరా పింఛన్లు నా చేతుల మీదుగానే పోయేవి. 2014లో నెలకు వెయ్యి రూపాయలు, తర్వాత 2019లో 2,016 రూపాయలయ్యాయి. రాళ్ళు మోసీ కలుపు తీసీ అరిగిపోయిన వేళ్ళను వేలిముద్రల మిషన్ పట్టేది కాదు. తుడిచి మళ్ళీ పెట్టించేవాణ్ణి. వెనకవాళ్ళు ‘జరుగవ్వా’ అని విసుక్కునేవాళ్ళు. నీ వేలు నీది కాదని నలుగురిలో మిషన్ చెబితే ఎట్లుంటుందో ఊహించు.

ఇప్పుడు అసలు సంగతి. ఆసరా వచ్చిన కొత్తల్లో ఏదో సంస్థ తరఫున ఒక కుర్రాడు మా ఊరికి వచ్చాడు. మంచివాడే, అది ముందే చెబుతున్నా. ఊళ్ళో ఒక అవ్వ తన పొలం కొడుకు పేరున రాసిచ్చింది. తిండికి లోటు లేదు. కంచం గడప దగ్గర పెట్టి పోయేవాళ్ళు, మాట్లాడేవాళ్ళు కాదు. కుర్రాడు రోజూ వచ్చి కూర్చునేసరికి ఆమె అన్నీ చెప్పుకుంది. అతను అన్నీ రాసుకున్నాడు. తర్వాత గ్రామసభలో లేచి చదివాడు. పేరు చెప్పలేదు కదా అని అతని ధీమా. పొలం రాసిచ్చి గడప దగ్గర తినే అవ్వలు ఒక ఊళ్ళో ఎంతమంది ఉంటారు బిడ్డా? అందరూ కొడుకు వైపే తిరిగి చూశారు.

కుర్రాడు సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయాడు. ఆమె మంచం పశువుల కొట్టంలోకి మారింది. అరుగు మీద కూర్చోనిచ్చే పక్కింటివాళ్ళు కూడా, తగువు మన మీదికొస్తుందని, ఆమెను చూసి తలుపు వేసుకోవడం మొదలుపెట్టారు. ఆ తర్వాత పింఛనుకు కొడుకు వెంట వచ్చేవాడు. అంతకుముందు ఎన్నడూ రాలేదు. ‘బాగున్నావా అవ్వా’ అంటే అతని ముఖం చూసి, ‘నాకేం, మంచిగ చూసుకుంటుండ్రు’ అనేది. మళ్ళీ ఎవరికీ ఏదీ చెప్పలేదు. ఆ కుర్రాడికి ఇదేదీ తెలియదు. ఆ మాటలు ఎక్కడో రిపోర్టులో అచ్చయ్యే ఉంటాయి.

నా భయమంతా ఇదే. ఇంట్లోవాళ్ళ ఎదుట ఏమీ అడగకు. ఆమె చెప్పింది రాసేముందు ‘రాయనా?’ అను. మళ్ళీ వచ్చినప్పుడు ‘ఉంచనా, కొట్టేయనా?’ అని ఇంకోసారి అడుగు.

చట్టం చదివే వస్తావు, తెలుసు. తల్లిదండ్రులను, వయోవృద్ధులను పోషించాలనే 2007 చట్టం కింద ఆర్డీఓ దగ్గరి ట్రిబ్యునల్‌కు పోవచ్చు, నెలకు 10,000 రూపాయల దాకా మనోవర్తి ఇప్పించవచ్చు. చూసుకోవాలన్న షరతు మీద ఆస్తి రాసిచ్చి ఉంటే 23వ సెక్షన్ కింద రద్దు చేయమనీ అడగొచ్చు. మొదటిరోజే ఇవన్నీ బయటికి తీయకు. అడిగితే చెప్పు. వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 నంబరు పెద్ద అంకెల్లో రాసివ్వు, ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా పలుకుతారు. కేసు వెయ్యమని తొందరపెట్టకు. ఆ రాత్రి ఆ ఇంట్లోనే పడుకోవాల్సింది ఆమె.

ఇంకొకటి. నీకు ఎదుటివాళ్ళ మాట మధ్యలో అందుకునే అలవాటుంది. మీ నాన్నదీ అదే రోగం. చెప్పిందే మళ్ళీ చెప్పినా ఆపకు. వినలేక కళ్ళనీళ్ళు వస్తే రానీ, చిన్నప్పుడు ఎవరు ఏడ్చినా వాళ్ళకంటే ముందు నువ్వే ఏడ్చేదానివి. ఆ గుణం పోగొట్టుకోకు.

ఊళ్ళకు పోయేముందు మా ఇంటికి రా. మొదట మీ పెద్దమ్మతో మాట్లాడి చూసుకో. అప్పుడు నేను ఇంట్లో ఉండను, చెరువుకట్ట దాకా పోయొస్తా. ఏం చెప్పిందో నాకు చెప్పకు.

మీ పెద్దనాన్న