పాత పోర్షేను కంపెనీకే పంపాలా? ముందు అది ఉప్పు తిన్న బండో, ఎండ తిన్న బండో తేల్చుకోండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ నాన్నగారు ఇంగ్లండ్‌లో డాక్టరుగా చేసి తిరిగొచ్చేటప్పుడు తెచ్చుకున్న 1985 పోర్షే 911 కారెరా, ఆయన పోయాక కడపలో పాత ఇంటి షెడ్డులో 14 ఏళ్లుగా కదలకుండా ఉంది. దాన్ని జర్మనీకి, పోర్షే వాళ్లకే పంపి పూర్తిగా బాగు చేయించాలా, లేక బెంగళూరులో పాత బండ్లు చేసేవాళ్లకు ఇవ్వాలా అని అడిగారు. డబ్బు కంటే 'నాన్న బండి విషయంలో తప్పు చేస్తానేమో' అన్న టెన్షనే మీ మాటల్లో ఎక్కువ కనబడింది. అదే టెన్షన్‌తో నేను ఏడాదిన్నర నిద్ర పాడుచేసుకున్నాను కాబట్టి కొంచెం పెద్దగానే రాస్తున్నాను.

మాది అనంతపురం. మా పెద్దనాయన కూడా ఇంగ్లండ్‌లో పదకొండేళ్లు ఆస్పత్రి ఉద్యోగం చేసి, 1988లో వస్తూ 1978 మోడల్ బెంజ్ 280 ఎస్‌ఎల్ తెచ్చుకున్నారు. రెండు సీట్ల బండి, పైకప్పు మడిచేయొచ్చు. టవర్ క్లాక్ దగ్గర ఆపితే పది నిమిషాల్లో చుట్టూ జనం. 2006లో ఆయనకు చూపు తగ్గాక ఆగిపోయింది. 2017లో నా చేతికొచ్చింది. అప్పుడు నాకున్న ఆలోచనా మీదే: చేసినవాడి కంటే బాగా ఎవడు చేస్తాడు, కంపెనీకే ఇచ్చేద్దాం.

ఇవ్వలేదు. కంపెనీ దగ్గర కాగితాలు, స్పేర్లు తీసుకుని, పని ఇక్కడే చేయించాను. మీకూ చాలావరకు అదే చెప్తాను. కానీ ఒక్క విషయం తేల్చుకోకుండా నా మాటా వినొద్దు, ఇంకెవరి మాటా వినొద్దు.

పాత బండి బాగుచేతలో పెద్ద పని, పెద్ద ఖర్చు ఇంజన్ దగ్గర ఉంటుందనుకుంటాం. నిజానికి రేకు పనిలో ఉంటుంది. బాడీ కింది భాగం, తలుపుల కింద దూలాల్లాంటి బాక్సులు, ముందు ఇరుసు పట్టుకునే చోటు, ఇవి తుప్పు తిని పోతే కోసి కొత్తవి అతకాలి. అతికినప్పుడు నాలుగు మిల్లీమీటర్లు అటూఇటూ అయితే తలుపు సరిగ్గా పడదు, అలైన్‌మెంట్ నిలవదు. కంపెనీ దగ్గర అసలు కొలతలు, బాడీని కదలకుండా పట్టి ఉంచే బిగింపులు, అచ్చంగా అదే రేకు ముక్కలు ఉంటాయి. కంపెనీకి ఇవ్వడంలో అసలు లాభం అదే. మీ బండికి ఆ పని అవసరమా, కాదా? ప్రశ్న అంతే.

మన సీమలో ఆగిపోయిన బండ్లకు ఒక అదృష్టం ఉంది. అనంతపురంలో ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన. వాన తక్కువని ఏడ్చే ఊళ్లో రేకు మాత్రం బాగుంటుంది. ఎండ తినేది వేరే వాటిని: అద్దాల చుట్టూ రబ్బరు బీడింగు, డ్యాష్‌బోర్డు, సీట్ల తోలు, వైర్ల మీద ప్లాస్టిక్ తొడుగు. మా బండి డ్యాష్‌బోర్డు మీద ఎండిన చెరువు అడుగులా పగుళ్లు. చూడ్డానికి భయంకరంగా ఉంటుంది గానీ ఇవన్నీ కొనుక్కొచ్చి బిగించేవి. శ్రద్ధ ఉన్న కుషన్ పనివాడు, మంచి ఎలక్ట్రీషియన్ ఉంటే చాలు.

ఇంగ్లండ్ కథ వేరు. అక్కడ చలికాలంలో రోడ్డు మీద మంచు గడ్డకట్టకుండా ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీళ్లు చక్రాల నుంచి ఎగిరి బండి కింద సందుసందులో చేరతాయి. మా బండి పదేళ్లు ఆ ఉప్పు తిన్నాకే ఇక్కడి ఎండలోకొచ్చింది. పైకి ఏమీ తెలియదు. షెడ్డులో కడప బండల మీద గోనెసంచి పరుచుకుని, టార్చి, అయస్కాంతం, స్క్రూడ్రైవర్ పట్టుకుని నేనే కిందికి దూరాను. డ్రైవర్ వైపు జాకీ పెట్టే చోట అయస్కాంతం అంటుకోలేదు. అంటే లోపల రేకు లేదు, పుట్టీ ఉంది. స్క్రూడ్రైవర్‌తో తట్టితే సగం దాకా దిగింది. బయటికి లాగితే వేరుశనగ పొట్టులాగా ఎర్రటి తుప్పు నా ముఖం మీద రాలింది. అద్దం కింద, బానెట్ వెనక నీళ్లు దిగే తొట్టి మూలలోనూ అదే పరిస్థితి. ఈ మోడల్‌కు ఆ మూల పెద్ద శాపం. మిగతా బండంతా గట్టిగానే ఉంది. రెండు చోట్ల తుప్పు కోసం బండిని సముద్రాలు దాటించక్కర్లేదని నాకు అక్కడే సగం తేలిపోయింది.

మీ 911కు ఇంకో బలం ఉంది. 1976 మోడళ్ల నుంచి పోర్షే వాళ్లు ఈ బండి బాడీకి రెండు వైపులా జింకు పూత పూసిన ఉక్కు వాడారు. అందుకని మా బెంజ్ కంటే మీది మెరుగ్గా ఉండే అవకాశం ఎక్కువ. అయినా చూడాల్సిన చోట్లు ఉన్నాయి. ముందు డిక్కీలో (ఈ బండికి ఇంజన్ వెనక, డిక్కీ ముందు) బ్యాటరీ కూర్చునే తట్ట, దాని చుట్టూ (యాసిడ్ కారితే జింకు ఆగదు), పెట్రోల్ ట్యాంకు కింద ముందు సస్పెన్షన్ బిగించే రేకు, తలుపు మూసుకునే స్తంభం అడుగున వెనక చక్రం వైపు మూల, ముందు వెనక అద్దాల కింది మూలలు. స్తంభం అడుగున ఉబ్బుగా పెయింటు లేచి ఉంటే మాత్రం లోపల చాలా పోయిందని అర్థం.

ఇంకొకటి, కడప కాబట్టి అడుగుతున్నా. 2020 నవంబర్‌లో నివర్ తుఫానుకు బుగ్గవంక పొంగి కడపలో ఇళ్లలోకి నీళ్లొచ్చాయి కదా, మీ షెడ్డులోకి వచ్చాయా? ఇంటి పక్కవాళ్లను అడగండి, గోడ మీద మరక చూడండి. మీ బండిలో ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్ పెట్టె సీటు కింద ఉంటుంది. నీళ్లు సీటు దాకా వచ్చి ఉంటే లెక్కలన్నీ మారతాయి.

ఇక కంపెనీ సంగతి. బెంజ్‌కు స్టుట్‌గార్ట్ పక్కన ఫెల్‌బాక్‌లో 1993 నుంచి పాత బండ్ల కోసమే ఒక కేంద్రం ఉంది. పోర్షేకూ క్లాసిక్ విభాగం ఉంది, పాత మోడళ్లకు 60 వేలకు పైగా రకాల స్పేర్లు సరఫరా చేస్తుంది, స్టుట్‌గార్ట్‌లో పూర్తి బాగుచేత కూడా చేస్తుంది. నేను బెంజ్ వాళ్లకు రాసినప్పుడు వాళ్లు చెప్పింది న్యాయంగానే ఉంది: ఫొటోలు చూసి ఖర్చు చెప్పలేం, బండి మా ముందుండాలి, విప్పి చూసిందాకా అసలు లెక్క తేలదు. దాని అర్థం ఏమిటంటే, మీరు బండిని ఓడ ఎక్కించే రోజుకు మీ చేతిలో అంకె ఉండదు.

నాకు వాళ్ల వల్ల జరిగిన గొప్ప మేలు డేటా కార్డు. ఫ్యాక్టరీ నుంచి బయటికి వెళ్లిన రోజు ఆ బండి ఏమిటో చెప్పే జాతకం అది: ఇంజన్ నంబరు, గేర్‌బాక్స్ నంబరు, రంగు, సీటు గుడ్డ, ఏ ఏ అదనపు సామాను వేశారో అన్నీ. మా ఇంజన్ నంబరు కార్డుతో సరిపోయింది. రంగు సరిపోలేదు. మాకందరికీ తెలిసిన ఆ ముదురాకుపచ్చ పెద్దనాయన ఇక్కడ వేయించిందట, పుట్టు రంగు వెండి. డిక్కీలో తివాచీ ఎత్తితే మూలలో అరచేయంత వెండి రంగు కనబడింది. కంపెనీ బాగుచేత అంటే సాధారణంగా పుట్టినప్పటి స్థితికి తీసుకుపోవడం. మా పెద్దమ్మకు ఆ బండి ఆకుపచ్చదే. నేను ఆకుపచ్చే ఉంచాను, తివాచీ కింద ఆ వెండి ముక్క కూడా ముట్టుకోనివ్వలేదు. మీరూ పోర్షేకు రాసి మీ బండి పుట్టుక వివరాలు తెప్పించుకోండి. బండిని ఎక్కడ చేయించినా ఇది మాత్రం చేయాల్సిందే.

జర్మనీకే అనుకుంటే కస్టమ్స్ నియమం తెలిసి ఉండాలి. రిపేరుకని బయటికి పంపి మూడేళ్లలోపు వెనక్కి తెచ్చుకుంటే పూర్తి బండి విలువ మీద సుంకం పడదు. రిపేరు ఖర్చు, వేసిన సామాను, రానుపోను రవాణా, ఇన్సూరెన్స్, వీటన్నిటి మీద పడుతుంది. పైగా వెళ్లిన బండే తిరిగొచ్చిందని అధికారులకు నమ్మకం కుదరాలి, మధ్యలో ఓనరు మారకూడదు. అంటే ఆర్‌సీ ముందు మీ పేరు మీదికి రావాలి, చాసిస్ నంబరు, ఇంజన్ నంబరు పత్రాల్లో అచ్చంగా సరిపోవాలి. ఇంజన్ బాగా పోయింది, కొత్తది వేస్తాం అని అక్కడివాళ్లు అంటే ఇక్కడ చిక్కొస్తుంది. సుంకం రిపేరు బిల్లు మీద కాబట్టి, కంపెనీ బిల్లు ఎంత పెద్దదైతే ఇక్కడ సుంకమూ అంత పెరుగుతుంది.

ఇక్కడే చేయించడంలో ఉన్న ప్రమాదం కూడా దాచను, ఎందుకంటే నేనే దెబ్బ తిన్నాను. తొందరపడి మొదట ఒక షెడ్డుకు ఇచ్చాను. పేరు వద్దు. "నువ్వేం బాధపడొద్దు సార్, మూడు నెల్లు టైమియ్యి, పెండ్లికూతురు మాదిరి చేసిస్తా" అన్నాడు. మా ఇంజన్‌కు పెట్రోల్ పంచేది బాష్ కె-జెట్రానిక్. గాలి లోపలికి పోయేకొద్దీ పళ్లెం లాంటి రేకు ఒకటి పైకి లేస్తుంది, దాని మీద ఆనుకున్న సన్నటి పిస్టన్ ఆరు సిలిండర్లకూ కొలిచినట్టు పెట్రోల్ పంచుతుంది. ఏళ్ల తరబడి పాత పెట్రోల్ నిలిచి అది జిగురు పట్టింది. శుభ్రం చేయాల్సిందాన్ని అతను పీకి పక్కనపడేసి కార్బురేటర్ పెడదామనుకున్నాడు. నేను వెళ్లేసరికి ఆ పంచే పెట్టె విడి ముక్కలుగా గ్రీజు డబ్బాలో ఉంది, రెండు సన్నటి స్ప్రింగులు లేవు. పాత రబ్బర్లన్నీ చెత్తలో పడేశారు, కొత్తవి సరిపోయాయో లేదో చూసుకోవడానికి నమూనా కూడా మిగల్లేదు. ఆ పెట్టె ఒక్కటే మళ్లీ తెప్పించడానికి ఏడు నెలలు పట్టింది.

తర్వాత బెంగళూరులో దొరికిన మనిషి మొదటి రోజు బండిని విప్పనే లేదు. 400 ఫొటోలు తీశాడు. విప్పిన ప్రతి బోల్టునూ కవర్లో వేసి చీటీ అంటించాడు. పాత ముక్క ఒక్కటి కూడా నన్నడగకుండా పారేయనని మొదటే చెప్పాడు. నేను అతనికే ఇచ్చాను. రెండేళ్ల నాలుగు నెలలు పట్టింది, మొత్తం 27 లక్షలైంది. అందులో 11 లక్షలు స్పేర్లకే. జాకీ పాయింట్లకు కంపెనీ రేకే తెప్పించాం. అనంతపురం నుంచి హైవే మీద మూడున్నర గంటలే కాబట్టి నెలకోసారి వెళ్లి దగ్గరుండి చూశాను. జర్మనీ అయితే ఆ దగ్గరుండి చూడ్డం ఉండేది కాదు, నాకు అది డబ్బు కంటే ఎక్కువ. మీకు కడప నుంచి మదనపల్లె మీదుగా ఇంకొంచెం దూరం, అయినా పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి షెడ్డులో ఉంటారు.

మీరు చూసినప్పుడు స్తంభాల అడుగులు, ముందు రేకు రెండూ పోయి ఉంటే, లేదా నీళ్లలో మునిగి ఉంటే, అప్పుడు కంపెనీ మాట సీరియస్‌గా ఆలోచించండి. ఆ స్థితిలో కొలతలు తెలిసిన చేతులే కావాలి. లేకపోతే నా ఓటు ఇక్కడికే. ఒకవేళ ఎవరైనా 'కంపెనీ చేస్తే రేటు పెరుగుతుంది' అంటే, ఆ రేటు అమ్మేవాడికి. మీరు అమ్మడానికి అడగలేదు కదా.

ఆర్టీఓ పని ఇప్పుడే మొదలుపెట్టండి. నాన్నగారి పేరు నుంచి మీ పేరుకు మారడానికి ఫారం 31, పదిహేనేళ్లు దాటిన బండి రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు ఫారం 25. రెన్యువల్‌కు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ బండి చూడాలి కాబట్టి అది నడిచాకే అవుతుంది, కానీ చాసిస్ ప్రింటు మాత్రం ఇప్పుడే పెన్సిల్‌తో కాగితం మీద తీసి దాచుకోండి. 2021లో వచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ 50 ఏళ్లు నిండిన బండ్లకే, మీది 2035 దాకా ఆగాలి.

పెట్రోల్ గురించి ఒక మాట. ఇప్పుడు పంపుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. 1985 నాటి రబ్బరు పైపులకు అది పడదు, మెత్తబడి చెమరుస్తాయి. బండి వెనక ఉండే, గాలితో చల్లబడే మీ ఇంజన్ వేడి దగ్గర పెట్రోల్ చెమరిస్తే నిప్పంటుకోవచ్చు. ఎవరు చేసినా పెట్రోల్ పైపులన్నీ ఇథనాల్ తట్టుకునేవి వేయించండి, పాతవి బాగున్నట్టు కనిపించినా సరే.

ఈ ఆదివారం షెడ్డు తాళం తీసినప్పుడు 'ఒక్కసారి స్టార్ట్ చేసి చూద్దాం' అని ఎవరన్నా అంటే ఒప్పుకోవద్దు. బ్యాటరీ కలపొద్దు. ప్లగ్గులు విప్పి ఒక్కో సిలిండర్లో కాస్త ఆయిల్ పోసి రెండు రోజులు వదిలేయండి. తర్వాత పానాతో క్రాంక్ పుల్లీ (ఇంజన్ ఇరుసు చివర ఉండే చక్రం) మెల్లగా తిప్పితే తిరుగుతుందో లేదో చూడండి. తిరక్కపోతే బలవంతం చేయొద్దు. బ్యాటరీ తట్ట, ఆ స్తంభాల అడుగులు ఫొటో తీసి ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.