వైద్య విద్యార్థులకు కథ చదివించబోతున్న నీకు

అమ్మా,

ఎట్‌కామ్ క్లాసులు, అంటే రోగుల పట్ల వైఖరి, నైతికత, మాట్లాడే తీరు నేర్పే క్లాసులు, నీకు అప్పగించారని, వాటిలో కొంత సమయం సాహిత్యానికి ఇవ్వాలనుకుంటున్నావని తెలిసి చాలా సంతోషించాను. 2019లో ఎంబీబీఎస్ సిలబస్ మారినప్పుడు రోగితో మాట్లాడే తీరు కూడా పాఠంలో చేరింది. అయితే చాలాచోట్ల అది స్లైడ్ల దగ్గరే ఆగిపోయింది. "సానుభూతితో వినాలి" అని తెర మీద చూపిస్తే పిల్లలు రాసుకుంటారు, పరీక్షలో అదే రాసి మార్కులు తెచ్చుకుంటారు. వార్డులో ఏడుస్తున్న తల్లి ముందు నిలబడినప్పుడు ఆ వాక్యం వాళ్ళకి గుర్తు కూడా రాదు.

కథలు ఎక్కువ పెట్టుకోకు. ఒక్కటి చాలు, అదీ పూర్తిగా క్లాసులోనే చదవాలి. నా ఓటు రష్యన్ రచయిత చెకోవ్‌కి. ఆయన 1884లో మాస్కోలో డాక్టరీ పూర్తిచేశాడు. రెండేళ్ళకి ఒక గుర్రబ్బండివాడి కథ రాశాడు. కొడుకు పోయిన ఆ ముసలాయన, బండెక్కిన ప్రతివాళ్ళకీ ఆ సంగతి చెప్పుకోవాలని చూస్తాడు. ఎవరూ వినరు. చివరికి తన గుర్రానికి చెప్పుకుంటాడు.

అందరూ ఆ ముగింపు దగ్గర కళ్ళు తుడుచుకుంటారు. నువ్వు మాత్రం పిల్లల్ని మొదట్లో బండెక్కిన సైనికాధికారి దగ్గర ఆపు. ఆయన నిజానికి అడుగుతాడు: దేంతో పోయాడు అని. జ్వరమై ఉంటుంది, మూడు రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు అంటాడు ముసలాయన. అంతలో రోడ్డు మీద ఎవరో అరుస్తారు, అధికారి తొందరపెట్టి కళ్ళు మూసుకుంటాడు. ఆ ప్రశ్న మనం రోజూ అడిగేదే కదా! కారణం తెలిసింది, మాట ఆగిపోయింది. ఆ తర్వాత ఇంకోచోట ముసలాయన ఏం చెప్పాలనుకుంటున్నాడో చెకోవ్ వరసగా రాస్తాడు: కొడుక్కి జబ్బు ఎలా వచ్చింది, ఎంత బాధపడ్డాడు, పోయేముందు ఏమన్నాడు, అతని బట్టల కోసం ఆస్పత్రికి ఎలా వెళ్ళాల్సి వచ్చింది. ఈ రెండు చోట్లనీ పక్కపక్కన పెట్టి, మన కేస్ షీట్‌లో వీటిలో ఏది పడుతుంది, ఏది పడదు అని అడుగు. తర్వాత నువ్వు మాట్లాడకు. జవాబు రావడానికి టైమ్ పడుతుంది, టెన్షన్ పడకు.

బిగ్గరగా చదివించు. ఆల్ ఇండియా కోటాలో వేరే రాష్ట్రాల నుంచి వచ్చిన పిల్లలకి తెలుగు చదవడం రాదు, మనవాళ్ళలోనూ ఇంగ్లీషు మీడియం వాళ్ళు తడబడతారు. వింటే చాలామందికి అందుతుంది. మిగతావాళ్ళ కోసం ఇంగ్లీషు ప్రతి కూడా దగ్గరుంచుకో.

రెండో విడతకి టాల్‌స్టాయ్ నవలిక 'ఇవాన్ ఇల్యీచ్ మరణం' బాగుంటుంది, కానీ మొత్తం వద్దు. ఇవాన్ ఇల్యీచ్ డాక్టర్ దగ్గరికి వెళ్ళిన ఘట్టం చాలు. తన జబ్బు ప్రమాదకరమా కాదా అన్నదొక్కటే అతనికి కావాలి. డాక్టర్ మాత్రం మూత్రపిండమా, పేగా అని తేల్చుకోవడంలో మునిగి ఉంటాడు. ఇవాన్ ఇల్యీచ్ స్వయంగా జడ్జి. కోర్టులో ముద్దాయిల ముందు తను పెట్టే ముఖమే ఇక్కడ డాక్టర్ ముఖంలో కనిపిస్తుంది అతనికి. పెద్ద డాక్టర్ల వెనక రౌండ్స్‌కి తిరిగే పిల్లలకి దీని మీద వివరణ అక్కర్లేదు.

తర్వాత రాయించు. కొలంబియా విశ్వవిద్యాలయంలో రీటా షారన్ అనే వైద్యురాలు, కేస్ షీట్‌లో పట్టనివి విడిగా మామూలు భాషలో రాయమని విద్యార్థులకి చెప్పేది. ఆ పని తెలుగులో చేయించు, రాని పిల్లలు వాళ్ళ భాషలో రాయొచ్చు. రోగి అన్న మాటల్ని అలాగే ఉంచమను. మెలిపెడుతోంది అందా, మంటగా ఉంది అందా, సలుపుతోంది అందా? అన్నిటినీ కడుపునొప్పి అని రాసేస్తే రోగనిర్ధారణకి పనికొచ్చే సంగతే పోతుంది. దీన్ని గట్టిగా చెప్పు, ఎందుకంటే సాహిత్యం క్లాసంటే మెత్తటి కబుర్లని నీ తోటి అధ్యాపకులు కొందరు అనుకుంటారు.

రాసినదానికి మార్కులు వేయకు. మార్కులుంటే మనకి నచ్చేలా కన్నీళ్ళు కల్పించి రాస్తారు. రోగి పేరు, ఊరు, గుర్తుపట్టగలిగే ఏ వివరమూ కాగితం మీద ఉండకూడదు, వాటిని ఫోన్లో ఫొటో తీసి గ్రూపుల్లో పెట్టకూడదు. ఇది మొదటి రోజే చెప్పాలి.

ఇంకొకటి. ఎవరి ఇంట్లోనైనా ఈమధ్యే చావు జరిగి ఉంటే ఆ కథ వాళ్ళని కదిలించేస్తుంది. లేచి బయటికి వెళ్ళినా ఏమీ అనరని ముందే అందరికీ చెప్పు, క్లాసయ్యాక ఒకసారి వెళ్ళి పలకరించు.

కథ ప్రతి నీ దగ్గర లేకపోతే రాయి, నా దగ్గరున్నది పంపిస్తాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు