ఫ్లోరిన్ ఉన్న అణు పంజరంలో అతిథి అణువు ఎందుకు చిక్కుకుంటుంది?

మా కోనసీమ కాలవల్లో చేపలకు మావు పెడతారు. లోపలికి దారి సులువు, బయటికి కష్టం. అణు పంజరం, అంటే లోపల ఖాళీ ఉన్న గూడులాంటి అణువు, అలా కాదు. అతిథికి, అంటే లోపల చేరే చిన్న అణువుకి, బయటకన్నా లోపలే హాయి, అంతే.

ఫ్లోరిన్ తన ఎలక్ట్రాన్లను గట్టిగా పట్టుకుంటుంది. అందుకే ఫ్లోరోకార్బన్ గొలుసులు (ఫ్లోరిన్ తగిలించిన కార్బన్ గొలుసులు) నీటితోనూ, నూనెతోనూ కలవవు, తమలాంటి వాటితోనే కలుస్తాయి. (ఫ్లోరోకార్బన్ పూత ఉన్న నాన్‌స్టిక్ పెనానికి దోసె అంటుకోనిదీ ఇందుకే.) 2006లో జపాన్‌లో రసాయన శాస్త్రవేత్త ఫుజితా బృందం 12 పల్లాడియం లోహ అయాన్లు, వాటిని కలిపే 24 లిగాండ్లు అనే అణువులతో బంతిలాంటి పంజరం కట్టి, లోపలి వైపు ఫ్లోరిన్ గొలుసులు తగిలించింది. బయటి ద్రావణిలో (కరిగించే ద్రవంలో) ఇమడలేని పెర్‌ఫ్లోరో ఆల్కేన్లు, అంటే హైడ్రోజన్ల చోట అన్నీ ఫ్లోరిన్లే ఉన్న కార్బన్ అణువులు, లోపలికి చేరాయి.

సైజు కూడా కుదరాలి. మావు సందుల్లోంచి చిన్న పరిగెలు జారిపోవూ? అలాగే. పైగా అతిథికీ పంజరానికీ మధ్య ఉన్నది రసాయన బంధం కాదు, బలహీనమైన ఆకర్షణే. ద్రావణి మారిస్తే అతిథి మళ్లీ బయటికి రావచ్చు.