నీళ్లలో ఫాస్ఫేట్ లేకున్నా చెరువు ఎందుకు పచ్చబడుతుంది?

నల్లగొండ పక్కన మీ ఊరి చెరువు పరీక్షలో కరిగిన ఫాస్ఫేట్ (తెట్టు పెరగడానికి కావలసిన పోషకం) దాదాపు లేదని వచ్చింది, మరి పచ్చటి తెట్టు ఎలా పెరుగుతోందని అడిగారు. చాలాసార్లు ఆ ఫాస్ఫేట్‌ను తెట్టే పీల్చేసి ఉంటుంది.

ఇలాంటి తెట్టులో సాధారణంగా సయనోబాక్టీరియా ఉంటాయి. ఎండతో ఆహారం తయారుచేసుకునే బాక్టీరియా ఇవి. కరిగిన ఫాస్ఫేట్ దొరికినంత కాలం దాన్నే తీసుకుని, కొంత ఒంట్లో పాలీఫాస్ఫేట్ (గొలుసులా కలిసిన ఫాస్ఫేట్) రేణువులుగా దాచుకుంటాయి. అది తగ్గిపోయాక ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమును తయారుచేస్తాయి. కుళ్లిన ఆకులు, చచ్చిన కణాల్లో బిగుసుకున్న ఫాస్ఫేట్‌ను అది విడదీస్తుంది. తొలి వానకు చేలల్లోని డీఏపీ అనే ఫాస్ఫేట్ ఎరువు కొట్టుకొస్తే ఎంజైము తయారీ మళ్లీ పడిపోతుంది.

నాకు ముఖ్యంగా తోచేది పీహెచ్ సంగతి, అంటే నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత. పగలు ఇవి నీటిలోని కార్బన్ డయాక్సైడును లాగేస్తాయి కాబట్టి దట్టమైన తెట్టున్న చోట మధ్యాహ్నానికి పీహెచ్ 9 దాటవచ్చు. ఆ క్షారగుణంలో ఈ ఎంజైము బాగా పనిచేస్తుంది. పైగా బురదలో ఇనుముకు అంటుకున్న ఫాస్ఫేట్ కూడా ఊడి వస్తుంది.

ఎంజైమును కాలేజీ ల్యాబులోనే చూడవచ్చు. పారానైట్రోఫినైల్ ఫాస్ఫేట్ అనే రంగులేని రసాయనాన్ని చెరువు నీళ్లలో కలిపితే, ఎంజైము అందులోని ఫాస్ఫేట్‌ను విడదీసేకొద్దీ మెల్లగా పసుపు తేలుతుంది. ఎంత త్వరగా తేలితే ఎంజైము అంత చురుగ్గా ఉన్నట్టు.

ఈసారి పరీక్షకు ఇచ్చేటప్పుడు మొత్తం ఫాస్ఫరస్ (తెట్టు కణాల్లో ఉన్నదీ కలిపి) కూడా అడగండి. పూడిక తీసి చేలకు తోలితే అందులోని ఫాస్ఫరస్ కూడా చెరువు దాటిపోతుంది.